మీటరమ్మ నామినేషను

ఫొటో దగ్గరే రెండు రోజులు పోయాయి. నామినేషను కాగితం మీద అతికించే ఫొటోలో అభ్యర్థి నోరు మూసుకుని ఉండాలట, పళ్ళు కనబడకూడదట. మీటరమ్మకు అది చేతకాలేదు. కెమెరా ముందు కూర్చోగానే ముందు పెదాలు వణికేవి, తర్వాత సాగేవి, ఆపైన భుజాలు కదిలేవి. ఫొటోగ్రాఫరు మొదటి రోజు ఓపిక పట్టాడు. రెండో రోజు ఆమెను ఏడిపిద్దామని తన కష్టాలన్నీ ఏకరువు పెట్టాడు. అవి విని ఆమె ఇంకా నవ్వింది. చివరికి ఆమె తుమ్మబోయే ముందు, ఆ ఒక్క క్షణంలో, ఒక ఫొటో దొరికింది. అందులో ఆమె చాలా గంభీరమైన మనిషిలా ఉంది.

ఆ నవ్వు ఆనందం వల్లే వస్తుందనుకుంటే పొరపాటు. ఆమెకు భయమేసినా నవ్వే, కోపమొచ్చినా నవ్వే. పెళ్ళినాడు నవ్వింది, ఉద్యోగం ఇంటర్వ్యూలో నవ్వింది, ఒకసారి కుక్క తరుముతుంటే పరిగెత్తుతూ నవ్వింది. కానీ ఈ నామినేషను పెట్టుకున్న పది రోజుల్లో మాత్రం ఆ నవ్వుకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, కాళ్ళు నేల మీద ఆనకుండా తిరిగింది.

నగరపు నీటి శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె మీటర్లు చూసింది. పద్నాలుగో రూటు ఆమెది. మొత్తం ఆరు వందల పన్నెండు ఇళ్ళు. రెండు నెలలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి, వాకిట్లో మీటరు గుంట మూతను ఇనుప కొక్కెంతో ఎత్తి, మోకాళ్ళ మీద వంగి, అద్దం తుడిచి, అంకెలు పుస్తకంలోకి ఎక్కించడం ఆమె పని. మనుషుల పేర్లు ఆమెకు గుర్తుండవు. ఏ ఇంటి మూత బరువో, ఏ గుంటలో కప్ప కాపురముందో, ఎవరు స్నానాల తొట్టి కొత్తగా పెట్టించుకుని పైకి చెప్పలేదో, అవన్నీ మాత్రం కంఠతా వచ్చు. ఆమె అసలు పేరూ ఎవరికీ గుర్తు లేదు. అందరికీ మీటరమ్మే. రిటైరై నాలుగు నెలలైంది. కొక్కెం తిరిగి అప్పగించమని శాఖవాళ్ళు రెండు ఉత్తరాలు రాశారు. అది ఇంకా ఆమె చేతిసంచిలోనే ఉంది.

ఎన్నికల ఊసు ఎందుకొచ్చిందంటే, బేకరీ మలుపు దగ్గర కాలిబాట మీద ఒక పెద్ద గుంట ఉంది. దాని మూత పోయి ఆరేళ్ళయింది. ఎవరో పుణ్యాత్ములు చెక్క ఒకటి అడ్డం పెట్టారు. మీటరమ్మ రెండు నెలలకొకసారి తన పుస్తకంలో, అంకెల పక్కనున్న గడిలో, ‘మూత లేదు’ అని రాసింది. ముందు మామూలుగా రాసింది, తర్వాత కింద గీత గీసి రాసింది, ఆ తర్వాత ఎర్రసిరాతో రాసింది. మొన్న ఆ చెక్క విరిగి వయొలిన్ మాస్టారు గుంటలో పడ్డారు. కాలు విరిగింది. ఆమె నీటి శాఖ ఆఫీసుకు వెళ్ళి, నేను రాసిందంతా ఏమైందని నిలదీసింది. కౌంటరులో ఉన్నతను కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. అందులో అంకెలకు గడులున్నాయి. మాటలకు లేవు.

"రాతలు ఇందులోకి ఎక్కవండీ," అన్నాడతను, "ఎప్పుడూ ఎక్కలేదు."

ఆమె అక్కడ కూడా నవ్వింది. ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "నేను వార్డు సభ్యురాలిగా పోటీ చేస్తాను," అంది. ఆమె భర్త బైండింగు మేస్త్రి. ముందు గదిలోనే పని. ఆఫీసుల రిజిస్టర్లకు, స్కూళ్ళ పుస్తకాలకు అట్టలు కుడతాడు. సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, "ఊఁ," అన్నాడు. ఆయన భాషలో అది చాలా పెద్ద మాట. మర్నాడు పొద్దున్నకి నీలిగుడ్డ అట్టతో, తోలు మూలలతో, కాగితాలు పెట్టుకునే ఫైలొకటి తయారై ఆమె కుర్చీ మీద ఉంది.

ఆమె పోటీ చెయ్యకపోతే ఆ వార్డులో అసలు ఎన్నికే ఉండదు. ఇప్పుడున్న సభ్యుడు నాలుగుసార్లు వరసగా ఏకగ్రీవం. ఆయన చెడ్డవాడేం కాదు. మంచివాడని చెప్పడానికీ లేదు, ఎందుకంటే ఆయన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు లేరు. ప్రతిసారీ ఆయన కాగితం ఒక్కటే వస్తుంది, గడువు దాటుతుంది, గోడ మీద నోటీసు పడుతుంది, జనం ఇంట్లో కూర్చుంటారు. ఈసారి కూడా గడువు చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలదాకా ఆయన కాగితం ఒక్కటే ఉంటే, మళ్ళీ అదే తంతు. మూత లేని గుంటకు ఇంకో అయిదేళ్ళు ఆయుష్షు.

నామినేషనుకు కావలసినవి లెక్కకు కొన్నే. అభ్యర్థి పేరు ఆ వార్డు ఓటర్ల జాబితాలో ఉండాలి. నవ్వని ఫొటో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అదే వార్డుకు చెందిన ఇరవై అయిదుగురు ఓటర్లు, ఈమె పోటీ చెయ్యడం మాకు సమ్మతమేనని, జాబితాలో తమ వరస సంఖ్య వేసి సంతకం పెట్టాలి. ఒక ఓటరు ఒక్క అభ్యర్థికే పెట్టాలి. ఇది చదివి మీటరమ్మ గాల్లో తేలిపోయింది. ఆరు వందల పన్నెండు ఇళ్ళు తెలిసిన మనిషికి ఇరవై అయిదు సంతకాలు ఒక లెక్కా అనుకుంది.

సంతకాలకు ఆమె వెంట తిరిగింది ఆడపడుచు. సిటీ బస్సులో కండక్టరు. ఓటు పట్టణానికి అవతలి కొసన ఉంది కాబట్టి సంతకానికి పనికిరాదు గానీ, గొంతు మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. సెలవు పెట్టి మరీ వచ్చింది. తలుపు తెరుచుకోవడం ఆలస్యం, "సంతకం, సంతకం, పెన్ను మేమే ఇస్తాం, వెనకున్నవాళ్ళు ముందుకు రండి," అనేది. వెనక ఎవరూ ఉండేవారు కాదు. అయినా జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చి పెట్టేవాళ్ళు. మీటరమ్మ పక్కన నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. రూటు పుస్తకంలో మొదటి ఇంటి నుంచి చివరి సందుదాకా, అక్కడక్కడా ఆగుతూ, ఇంటికొక మనిషి చొప్పున, ముప్ఫై అయిదు సంతకాలు తెచ్చారు. పది ఎక్కువే ఉండనీ, ఏ కాగితం ఎలా పోతుందో అని కండక్టరమ్మ జాగ్రత్త.

రాత్రి భోజనాలప్పుడు మేస్త్రి, "ఎన్నయ్యాయి?" అని అడిగేవాడు. మీటరమ్మ అంకె చెప్పేది. ఆయన తల ఊపి పళ్ళెంలోకి చూసుకునేవాడు. ఆ పది రోజులూ ఆయన ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నాడు. జిగురు మరకలు పడతాయని ఇంట్లో ఎప్పుడూ పాత చొక్కా తప్ప వెయ్యని మనిషి. ఆ సంబరంలో ఆమె అది గమనించలేదు.

చివరి రోజు పొద్దున పదకొండింటికి ముగ్గురూ ఎన్నికల గదికి వెళ్ళారు. పొడవాటి గది, ఒక గోడకు గడియారం, ఇంకో గోడకు వార్డు పటం, కిటికీ పక్కన ఒక బల్ల. బల్ల వెనక గుమాస్తా ఒక పెద్దాయన. చేతిలో ఎప్పుడూ రూళ్ళకర్ర ఉంటుంది. ఏ కాగితమైనా వరస కింద రూళ్ళకర్ర ఆనించి, ఒక్కో వరసా చదివి, కిందికి జరుపుతాడు. మీటరమ్మకు ఆ పద్ధతి చాలా నచ్చింది. తనూ మీటరు అలాగే చదివేది, వేలు ఆనించి. నచ్చినందుకు కాస్త నవ్వొచ్చింది. గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసి మళ్ళీ చదువుకున్నాడు. మేస్త్రి బెంచీ మీద కూర్చున్నాడు.

రూళ్ళకర్ర అట్టడుగుకు వచ్చింది. మళ్ళీ పైకెళ్ళింది. మళ్ళీ దిగింది.

"అమ్మా, ఇందులో ఇరవై ఆరుగురు మన వార్డు వాళ్ళు కారు," అన్నాడు గుమాస్తా.

"ఎందుకు కారండీ? అందరూ మా రూటు వాళ్ళే."

"రూటు అంటే ఏంటమ్మా?"

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. రూటు అంటే ఏంటని అడగడం, భూమి అంటే ఏంటని అడగడంలా అనిపించింది ఆమెకు. గుమాస్తా లేచి గోడ మీది పటం దగ్గరకు నడిచి, రూళ్ళకర్రతో చూపించాడు. వార్డు అంటే రైలు పట్టాలకు ఇవతల ఉన్నది. ఇక్కడ మొదలై, మెట్ల వీధులెక్కి, గుట్ట పైదాకా పోతుంది. పద్నాలుగో రూటు అంటే దాదాపు మొత్తం పట్టాలకు అవతల ఉన్నది. నీటి గొట్టాలు వేసినవాళ్ళు గీసిన గీత ఒకటి, వార్డులు విడదీసినవాళ్ళు గీసిన గీత ఇంకొకటి. రెండూ కలిసింది చివర్న పద్నాలుగు ఇళ్ళ సందు దగ్గర మాత్రమే. మీటరమ్మ ఇల్లు ఆ సందులోనే. పనికొచ్చే సంతకాలు తొమ్మిది. నడిచినదంతా పరాయి వార్డులో నడిచిందన్నమాట.

కండక్టరమ్మ, "కొంప మునిగింది వదినా," అంది. మీటరమ్మ మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. బల్ల అంచు పట్టుకుని, వంగిపోయి, ఊపిరి అందకుండా నవ్వింది. ఆ నవ్వు భయానిదని మేస్త్రికి తెలుసు. బెంచీ మీద నుంచి లేచి, నీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆ సందులో సంతకం పెట్టిన ఇళ్ళల్లో మిగతావాళ్ళు పనులకు పోయారు, సాయంత్రానికి గానీ తిరిగి రారు. మిగిలింది గుట్ట. ఇంకా పదహారు సంతకాలు, మూడున్నర గంటలు.

"మీరు ఇక్కడే ఉండండి, ఫైలు చూసుకుంటూ," అంది ఆమె మేస్త్రితో, "మోకాళ్ళతో మెట్లెక్కలేరు." ఆయన ఏదో అనబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

గుట్ట పదిహేనో రూటు. ఆ రూటు మీటర్లు చూసినతనికి శాఖలో తాళంకప్ప అని పేరు. మెట్లెక్కడం ఇష్టం లేక, కింద టీకొట్లో కూర్చుని, ప్రతి ఇంటికీ ఎదురుగా ‘తాళం వేసి ఉంది’ అని రాసి సంతకం చేసేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చి గౌరవంగా రిటైరయ్యాడు. రోజంతా ఇంట్లోనే ఉన్న గుట్ట మీది జనానికి మాత్రం, మీ ఇల్లు తాళం వేసి ఉంది కాబట్టి ఉజ్జాయింపుగా వేశామంటూ బిల్లులు వచ్చేవి. మీటరు మనిషి అన్న మాట వింటే చాలు, అక్కడివాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

మొదటి ఇంటి దగ్గర తలుపు సగమే తెరుచుకుంది. లోపల ఒక పెద్దావిడ, చేతిలో గరిటె.

"నేను నీటి మీటర్లు చూసేదాన్నండీ," అని మొదలుపెట్టింది మీటరమ్మ.

"ఇరవై ఏళ్ళు పట్టిందా మెట్లెక్కడానికి? మేము ఇంట్లో లేములే, తాళం వేసి ఉంది," అని ఆవిడ తలుపు వేసేసింది. లోపలి నుంచి మళ్ళీ, "తాళమే కనబడుతోందా?" అని కూడా అడిగింది.

కండక్టరమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. బస్సులో అయితే దింపేసేది. అది వాళ్ళ ఇల్లైపోయింది. వెనక్కి తిరిగేసరికి వదిన కనబడలేదు. చూస్తే వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో కొక్కెం. ఆమె అలవాటు కొద్దీ చేసిన పని అది. సంతకం అడగడానికి వచ్చానన్న సంగతే మర్చిపోయింది. మూత ఎత్తింది. లోపల చారెడు మట్టి, దాని కింద అద్దం. చేతిరుమాలుతో తుడిచి, వేలు ఆనించి, అంకెలు పైకి చదివింది. తర్వాత కాసేపు కదలకుండా చూసింది.

"అమ్మా, మీ ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయా?" అని కేకేసింది.

"అన్నీ కట్టేసే ఉన్నాయి," అని తలుపు లోంచి జవాబొచ్చింది.

"మరి ఈ చిన్న ఎర్రముల్లు తిరుగుతోందేంటి? ఎక్కడో నీళ్ళు పోతున్నాయి. మరుగుదొడ్డి తొట్టి మూత తీసి చూడండి."

అడుగులు లోపలికి వెళ్ళాయి. తర్వాత లోపల ఏదో చప్పుడు. తర్వాత పెద్దావిడ తలుపు పూర్తిగా తెరుచుకుని బయటికొచ్చింది. చేతిలో గరిటె లేదు. ఎర్రముల్లు ఆగిపోయి ఉంది. ఆవిడ వంగి, తన మీటరును మొదటిసారి చూసుకుంది, కొత్తగా పుట్టిన మనవణ్ణి చూసినట్టు. "ఇదా మాది?" అంది. తర్వాత పక్కింటి గోడ మీదుగా, "ఒసేవ్, వచ్చింది, నిజంగా మనిషే వచ్చింది," అని కబురు పంపింది.

ఇక చూడాలి ఆ వీధి. ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన చుట్టం దిగినట్టు జనం బయటికొచ్చారు. మాదీ చూడు, మాదీ చూడు. మంగలి షాపాయన సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి వచ్చాడు. ఆ సగం గడ్డం మనిషీ వెనకే వచ్చాడు, మెడ చుట్టూ తువ్వాలుతో. ఒక ఇంటి గుంటలో మీటరే లేదు, గొట్టానికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఇంకో గుంటలో ఎప్పుడో పోయిన ఇంటి తాళంచెవి దొరికింది. ఆ ఇంటివాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. మీటరమ్మ ఒక్కో మెట్టూ ఎక్కుతూ, వంగుతూ, తుడుస్తూ, అంకెలు చదువుతూ పోయింది. నాలుగు నెలల తర్వాత మోకాళ్ళకు మట్టి అంటింది. ఒంట్లో ఎక్కడెక్కడి నరాలకో ప్రాణం లేచొచ్చింది. ఇంత సంతోషంగా తాను ఎప్పుడున్నానా అని ఆలోచించుకుంటే, మళ్ళీ నవ్వొచ్చింది.

కండక్టరమ్మకు ఇప్పుడు దారి దొరికింది. ఓటర్ల జాబితా చేతిలో పట్టుకుని, బొటనవేలితో టికెట్ల కట్టలా పేజీలు తిప్పుతూ, ఎవరి వరస సంఖ్య వాళ్ళకు చిటికెలో తీసి ఇచ్చింది. "మీటరు చూపించుకున్నవాళ్ళు సంతకం పెట్టి కదలండి, ఒక మీటరుకు ఒక సంతకం," అంటూ మొదలుపెట్టింది.

మీటరమ్మ గుంటలోంచి తల ఎత్తి, "అలా అనకు. మీటరు ఊరికే చూస్తా. సంతకం ఇష్టముంటేనే," అంది.

"వినబడిందిగా, ఇష్టమున్నవాళ్ళు ముందుకు, లేనివాళ్ళు వెనక సీట్లలోకి," అంది కండక్టరమ్మ.

చివరి సంతకం పళ్ళ డాక్టరుది. ఆయన సంతకం పెడుతూ, మీటరమ్మ నవ్వుతున్న నోట్లోకి తొంగిచూసి, పై వరసలో ఎడమ నుంచి నాలుగో పన్ను ఒకసారి చూపించుకోమన్నాడు. పదహారు. తొమ్మిదీ పదహారూ ఇరవై అయిదు. వదినామరదళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, స్కూలు వదిలిన పిల్లల్లా, ఆ మెట్లన్నీ పరుగున దిగారు.

ఎన్నికల గదికి చేరేసరికి రెండూ ముప్ఫై అయిదు. మేస్త్రి అదే బెంచీ మీద, అలాగే నిటారుగా ఉన్నాడు. ఫైలు ఒళ్ళో ఉంది. గుమాస్తా బల్ల మీద ఒక కాగితం అప్పటికే టైపై, సంతకానికి తయారుగా ఉంది. ‘పోటీ లేనందున’ అన్న మాటలు తలకిందులుగా కూడా మీటరమ్మకు కనబడ్డాయి. గుమాస్తా రూళ్ళకర్ర తీసుకున్నాడు. ఒక్కో వరసా చూస్తూ, పక్కనున్న ఇంకో కాగితంతో పోల్చుకుంటూ దిగాడు. చివరి వరస దగ్గర రూళ్ళకర్ర ఆగింది.

"ఈ పళ్ళ డాక్టరు పోయిన వారమే పాత సభ్యుడికి పెట్టేశారమ్మా. రెండోది చెల్లదు. ఇరవై నాలుగు."

కండక్టరమ్మ గొంతు మొదటిసారి పడిపోయింది. గుట్ట ఎక్కి దిగడానికి టైము లేదు. మీటరమ్మకు ఈసారి నవ్వు రాలేదు. మెట్ల మీద ఆ పెద్దావిడ, ఈసారి ఓటెయ్యడానికి నేనే ముందు నిలబడతానంది. ఆ ఓటే ఉండదు ఇప్పుడు. అంతమంది దగ్గర ఊరికే ఆశపెట్టి వచ్చినట్టయింది.

గుమాస్తా గడియారం చూసి, గొంతు తగ్గించి, "మీ సందులో ఇంకెవరూ లేరా? బాగా గుర్తు చేసుకోండి," అన్నాడు. నిబంధనల్లో లేని మాట అది. ఆ మాత్రం సాయం చెయ్యాలనిపించిందేమో ఆయనకు.

ఆమె కళ్ళు మూసుకుంది. రూటు పుస్తకం కళ్ళ ముందు తెరుచుకుంది. వేళ్ళ మీద లెక్కపెడుతూ, నంబర్లతో సహా చెప్పుకుంటూ పోయింది. "అయిదొందల తొంభై తొమ్మిది, ఊరెళ్ళారు. ఆరొందలు, పెట్టారు. ఆరొందల ఒకటి, పెట్టారు. రెండు, బేకరీ, ఆయన ఓటు వేరే ఊళ్ళో. మూడు, నాలుగు, అయిదు, పెట్టారు. ఆరు, పాత సభ్యుడికి పెట్టారు. ఏడు, పెట్టారు. తొమ్మిది, పెట్టారు. పది..."

"ఆరొందల ఎనిమిదో?" అన్నాడు గుమాస్తా.

"అది చూడకూడదండీ," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. "అది మా ఇల్లు."

నీటి శాఖలో ఒక నియమం ఉండేది. మీటర్లు చూసేవాళ్ళు తమ సొంత ఇంటి మీటరు తాము చూడకూడదు. ఆ ఒక్క ఇంటికీ ఇంకో మనిషి వచ్చి చూసుకుని పోవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె ఆరొందల ఏడు నుంచి నేరుగా ఆరొందల తొమ్మిదికి నడిచింది. డ్యూటీలో ఉన్నప్పుడు ఆ గుమ్మం వైపు తల కూడా తిప్పలేదు, ఎవరైనా చూస్తే బాగుండదని. సంతకాలకు వెళ్ళినప్పుడూ కాళ్ళు అలాగే నడిచాయి.

కండక్టరమ్మ మెల్లగా తిరిగి అన్నయ్య వైపు చూసింది. గుమాస్తా కూడా చూశాడు. మీటరమ్మ అందరికన్నా ఆఖర్న కళ్ళు తెరిచి చూసింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజాము బస్సుకు రాత్రే తయారై కూర్చున్న మనిషిలా ఉన్నాడు.

"ఏమండీ," అంది, "మీరైనా చెప్పొచ్చు కదా?"

"అభ్యర్థి అడగాలి," అన్నాడు మేస్త్రి, "ఓటరు వెంటపడతాడా ఎక్కడైనా? రోజూ చొక్కా మార్చుకుని కూర్చున్నా. ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది అని. పట్టాలకు అవతల బట్టల షాపాయన్ని కూడా అడిగావు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. ఆమె ముఖం ఒక్కసారి ఎర్రబడింది. సిగ్గుతో చచ్చిపోయింది నిజంగా. వెళ్ళి ఆయన ముందు నిలబడి, ఊరంతటినీ అడిగినప్పుడు లేని తడబాటుతో, "నా కాగితం మీద సంతకం పెడతారా?" అంది.

"పెడతాను," అన్నాడాయన.

భర్త పెట్టకూడదని ఎక్కడా లేదని గుమాస్తా ముందే చెప్పేశాడు. అడగక్కర్లేకుండా. అప్పటికి రెండూ నలభై ఆరు. కానీ మేస్త్రి ఏ పనీ తొందరగా చేసిన మనిషి కాదు. బల్ల దగ్గరకు వచ్చి కుర్చీ సర్దుకున్నాడు. పెన్ను పని చేస్తుందో లేదో చూడాలని వేరే కాగితం అడిగాడు. దాని మీద ఒక గీత గీసి, సిరా సరిగ్గా వస్తున్నట్టు తృప్తి పడ్డాడు. రూళ్ళకర్ర ఒకసారి ఇప్పించమన్నాడు. ఇరవై ఏళ్ళలో ఎవరికీ ఇవ్వని రూళ్ళకర్ర గుమాస్తా ఇచ్చేశాడు. దాన్ని వరస కింద ఆనించి, పేరు రాసి, ఇంటి నంబరు రాసి, వరస సంఖ్య రాసి, సిరా ఆరడానికి ఊదాడు.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, సంతకం," అంది కండక్టరమ్మ.

"కుట్టు వంకర పోతే పుస్తకం మొత్తం వంకరే," అంటూ సంతకం పెట్టాడు. దాని కింద ఒక చుక్క కూడా పెట్టాడు. రెండూ యాభై మూడు.

గుమాస్తా అందుకుని చూసి, "ఇరవై అయిదు," అని, ముద్ర కొట్టాడు. ఆ చప్పుడుకు మీటరమ్మ ఉలిక్కిపడింది. రసీదు రాసిచ్చాక ఆయన ఆ టైపు చేసిన కాగితాన్ని తీసుకుని, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి బుట్టలో వేశాడు. "మళ్ళీ టైపు చెయ్యాలి, ఇద్దరి పేర్లతో," అని విసుగు నటించాడు గానీ, మెషిన్లో కాగితం ఎక్కిస్తున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది. ఆ వార్డుకు ఆయన పోలింగు నోటీసు రాసి ఇరవై ఏళ్ళు దాటింది.

బయట మెట్ల మీదికి వచ్చాక కండక్టరమ్మ గొంతు తిరిగొచ్చింది. దారిన పోయేవాళ్ళందరికీ ఎన్నిక ఉందహో అని చెప్పేస్తోంది. మీటరమ్మ నవ్వుతూ ఏడుస్తూ, చేతిరుమాలు తీస్తే దానికి గుట్ట మీది మట్టి, అది ముఖానికి అంటుకుని మరింత నవ్వు. మేస్త్రి ఒక మెట్టు కింద నిలబడి, "ఓటు కూడా ఇలాగే మర్చిపోతావా?" అన్నాడు.

ఆమె నవ్వు ఆపుకుంది. ముఖం తుడుచుకుని, తిన్నగా నిలబడి, "నాకు ఓటేస్తారా?" అని అడిగింది.

"ఆలోచించి చెప్తాను," అన్నాడాయన, "పాత సభ్యుడు ఏమంటాడో కూడా వినాలి కదా."

"రేపు ఇంటికొచ్చి మళ్ళీ అడుగుతాను. పదకొండింటికి. ఇంట్లో ఉంటారా?"

"ఉంటాను," అన్నాడు మేస్త్రి. "ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను."